వాగు పక్క మూడిళ్లు

మా నాన్న చేతిరాతను నేను మొదట చూసింది మట్టిగోడల మీద. గుమ్మం పక్కన జేగురు రంగుతో ఒక తేదీ, దాని కింద ఎన్ని గదులకు మందు కొట్టారో ఆ అంకె. ఒడిశాలో గుణుపురం నుంచి పుట్టాసింగి వైపు కొండల్లోకి వెళ్తే సవర ఊళ్లలో చాలా ఇళ్లకి ఆ రాత ఉండేది. అప్పట్లో నాన్న సీజను కూలీ. మలేరియా దోమలు చావడానికి ఇళ్ల గోడలకి ఏటా రెండు రౌండ్లు డీడీటీ మందు కొట్టేందుకు తీసుకునేవాళ్లు, వానలు తగ్గాక మానిపించేవాళ్లు. ఇంట్లో మేం దాన్ని ‘మందు పని’ అనేవాళ్లం. ఒంటి మీంచి ఆ వాసన వారం రోజులైనా పోయేది కాదు.

స్టిరప్ పంపుకి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు బకెట్లో పంపు దించి, బయట నేలకి ఆనిన రికాబుని కాలితో తొక్కిపట్టి, ఆపకుండా కొడుతూ ఉండాలి. రెండోవాడు పొడుగు గొట్టం పట్టుకుని గోడకి ఒకే దూరంలో, పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చారలు చారలుగా కొట్టుకుంటూ పోవాలి. అంతకు ముందు ఇంట్లో కుండలూ గింజలూ బట్టలూ బయటికి తేవాలని ఇంటావిడని బతిమాలాలి. ఒక్కో ఇంట్లో వద్దనేవాళ్లు. గోడంతా తెల్ల మచ్చలు పడతాయి, కంపు కొడుతుంది. ఇడితాల్ బొమ్మలు వేసిన గోడ ఉంటే నాన్నే ఆ గోడ వదిలేసేవాడట. ఎర్రమట్టి మీద తెల్లగా వేసిన ఆ బొమ్మలు పెద్దల కోసం వేసినవి, వాటి మీద మందు ఎలగ కొడతాం అనేవాడు. ఇంకో చిక్కు అలుకు. ఇవాళ మందు కొట్టి వస్తే, పది రోజుల్లో పండగ వస్తే, గోడలన్నీ కొత్త మట్టితో అలికేస్తారు. మందు మట్టి కింద పడిపోతుంది.

“దోమ నెత్తురు తాగి బరువెక్కుతాది తల్లీ. ఎక్కువ దూరం ఎగరలేదు. దగ్గర్లో ఏ గోడుంటే ఆ గోడ మీద వాల్తాది. అక్కడ చావాల” అని చిన్నప్పుడు చెప్పేవాడు. నేనిప్పుడు పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. మలేరియా గణితం మొత్తానికి ఆ నాలుగు మాటలే పునాది అని నాకు ముప్పై దాటాక గానీ తెలియలేదు.

ఈ పోస్టు రాయడానికి కారణం మొన్న ఆదివారం నాన్న చెప్పిన ఒక సంగతి. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఏడు రెండో రౌండులో, వాగు పక్కనున్న ఒక గూడెంలో మందు అయిపోయింది. ముప్పై ఇళ్లలో ఇరవై ఏడు పూర్తయ్యాయి. మిగిలినవి వాగు ఒడ్డునున్న మూడిళ్లు, దిగువకి దిగాలి, చీకటి పడుతోంది. మర్నాడు మళ్లీ వద్దామని నాన్న అన్నాడట. పనిమీద వచ్చిన పై ఆయన రిజిస్టరు చూసి, “నూటికి తొంభై అయింది కదా, చాలు. రేపు వేరే ఊరు” అన్నాడు. నూటికి తొంభై అంటే మంచి మార్కే. ఆ కార్తీకంలో ఆ మూడిళ్లలో నలుగురు చలిజ్వరంతో పడుకున్నారు. ఒక పిల్ల లేవలేదు. జ్వరం మెదడుకెక్కింది.

“మూడే కదమ్మా. ముప్పైలో మూడు. అంత తేడా వస్తాదా?” అని అడిగాడు నాన్న. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆ రాత్రి నుంచి ఈ లెక్క నన్ను వదల్లేదు.

ముందే ఒక మాట చెప్పాలి. ఆ ఇళ్లు వదిలేసినందుకే ఆ పిల్ల పోయిందని ఏ లెక్కా చెప్పలేదు. సంభావ్యత వెయ్యి దోమల గురించి మాట్లాడుతుంది, వంద ఇళ్ల గురించి మాట్లాడుతుంది. ఒక్క మనిషి గురించి అడిగితే దాని దగ్గర జవాబు లేదు. నాన్నకి ఈ సంగతి రెండుసార్లు చెప్పాను. కానీ ఆయన అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు ఉంది.

ఈ కథ మొదలైంది తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమ అది. కుట్టించుకున్నందుకు దోమకి ఒక అణా చొప్పున ఆ రోగికి ఇచ్చాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఇదంతా పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాత ఆయన పెన్సిలు పట్టుకుని లెక్కలకి కూర్చున్నాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, నాకు బాధ కలిగించేది అదే.

దోమలు పుట్టే గుంటలు పూడ్చేస్తే జ్వరం తగ్గుతుందని రాస్ వాదన. బయటినుంచి కొత్త దోమలు వచ్చేస్తాయి, ఎంత పూడ్చినా దండగ అని ఎదుటివాళ్ల వాదన. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో చేసి చూస్తే ఫలితం సరిగా రాలేదు కూడా. అప్పుడు రాస్ వేసుకున్న ప్రశ్న ఇది: ఒక చోట పుట్టిన దోమ తోచిన దిక్కుకి కొంత దూరం ఎగిరి, మళ్లీ తోచిన దిక్కుకి ఎగిరి, అలా బతికినన్నాళ్లూ తిరిగితే, చివరికి పుట్టిన చోటుకి ఎంత దూరంలో ఉంటుంది? 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన సభలో దీని మీద మాట్లాడాడు. పూర్తి జవాబు కోసం గణాంకవేత్త కార్ల్ పియర్సన్‌ని కదిలించాడు. పియర్సన్ 1905 జూలైలో ‘నేచర్’ పత్రికలో దోమని తీసేసి మనిషిని పెట్టి, ఆ ప్రశ్నని లోకం ముందుంచాడు. ‘ర్యాండమ్ వాక్’ అన్న పేరు ఆ ఉత్తరంతోనే వచ్చింది. భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ వెంటనే బదులిచ్చాడు, ఈ లెక్క నేను 1880లోనే ధ్వని కంపనాల కోసం చేశానని. షేర్ మార్కెట్టు చదివేవాళ్లూ భౌతికశాస్త్రం చదివేవాళ్లూ ఇవాళ వాడే ఆ మాటకి వెనకాల ఒక దోమ ఉంది.

దీన్ని బోర్డు మీద సూత్రంగా చెప్తే పిల్లలకి ఎక్కదు. అందుకని నిరుడు మా క్లాసులో 40 మంది చేత చేయించాను. ఒక్కొక్కరికీ ఒక గ్రాఫు కాగితం, ఒక డబ్బా, అందులో 1 నుంచి 12 దాకా అంకెలు రాసిన చీటీలు. గడియారం ముఖం అనుకోవాలి. 12 వస్తే పైకి, 3 వస్తే కుడికి. చీటీ తీయడం, ఆ దిక్కుకి 1 సెంటీమీటరు గీత గీయడం, చీటీ మళ్లీ డబ్బాలో వేసి కలపడం. సెంటీమీటరుని 100 మీటర్లు అనుకున్నాం, ఒక గీత ఒక రాత్రి. పది రాత్రులు.

పది గీతలూ ఒకే దిక్కుకి పోతే 10 సెంటీమీటర్లు. అలా ఎవరికీ రాలేదు. సూత్రం ప్రకారం దూరం అడుగుల సంఖ్య వర్గమూలంతో పెరుగుతుంది, పది అడుగులకి సుమారు 3.16. సగం మంది 2.6 సెంటీమీటర్ల లోపే ఆగిపోవాలి. 5 దాటేవాళ్లు నూటికి ఎనిమిది మంది. మా 40 మందిలో ముగ్గురు దాటారు. అంటే రాత్రికి 100 మీటర్లు ఎగరగల దోమ పది రాత్రుల తర్వాత కూడా, చాలావరకు, పుట్టిన వాగుకి కూతవేటు దూరంలోనే ఉంటుంది. దూరం రెండింతలు కావాలంటే రోజులు నాలుగింతలు కావాలి. దోమకి అన్ని రోజుల ఆయుష్షు లేదు.

ఒక అమ్మాయి కాగితం మాత్రం వింతగా వచ్చింది. గీతలన్నీ తిరిగి తిరిగి, బయల్దేరిన చుక్కకి సరిగ్గా 1 సెంటీమీటరు దూరంలో ఆగాయి. ఏమిటా అని డబ్బా చూస్తే అందులో రెండే చీటీలున్నాయి, 12, 4. తీసిన చీటీ తిరిగి వేయలేదు. ముందు తిట్టబోయాను, తర్వాత ఆ కాగితాన్నే బోర్డుకి అంటించాను. పన్నెండు దిక్కులూ ఒక్కోసారి నడిస్తే ఎవరైనా బయల్దేరిన చోటికే వస్తారు. పది అయ్యేసరికి రెండే మిగులుతాయి కాబట్టి ఎలా తీసినా 2 సెంటీమీటర్లు దాటే వీలే లేదు. గతంలో వేసిన అడుగుకీ ఇప్పుడు వేసే అడుగుకీ సంబంధం లేకపోవడం అంటే ఏమిటో ఆ రోజు క్లాసు మొత్తానికి అర్థమైంది. నేను పదేళ్లుగా ‘స్వతంత్ర ఘటనలు’ అని నిర్వచనం రాయిస్తున్నాను, అంత బాగా ఎప్పుడూ ఎక్కలేదు.

నిజం దోమ చీటీలు తీయదు. గాలి వాలు చూస్తుంది, మనిషి ఊపిరి పసిగడుతుంది. కానీ లెక్కలో మొదటి మెట్టు ఇదే, దగ్గరదనానికి బరువెంతో ఇది చూపిస్తుంది.

ఇక రెండో మెట్టు, ఆయుష్షు. జ్వరం ఉన్న మనిషిని కుట్టిన దోమ మర్నాడే ఇంకొకరికి జ్వరం అంటించలేదు. పరాన్నజీవి దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి చేరడానికి, వేడిని బట్టి, సుమారు 10 నుంచి 12 రోజులు పడుతుంది. అన్ని రోజులు దోమ బతికి ఉండాలి. రోజు గడిచే అవకాశం నూటికి 90 అయితే పది రోజులు గడిచేవి నూటికి 35. రోజుకి 80 అయితే 11. రోజుకి 70 అయితే 3. చూడండి, రోజువారీ అవకాశం కొంచెమే తగ్గింది, పదిసార్లు గుణించేసరికి ఎక్కడికి పడిపోయిందో. 1950లలో మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ పట్టుకున్నది ఈ కీలకమే: పుట్టే దోమల్ని సగం చేస్తే జ్వరం పాకడం సగం తగ్గుతుంది, బతికే దోమల ఆయుష్షు తగ్గిస్తే దానికి ఎన్నో రెట్లు తగ్గుతుంది. గోడకి మందు కొట్టడం వెనక ఉన్న లెక్క ఇది. ఒక్క దోమ కూడా మిగలకూడదని లేదు, ఒక హద్దు కిందకి దించితే చాలు జ్వరం తనంతట తనే తగ్గిపోతుందని రాస్ 1911 నాటికే చూపించాడు. మా నాన్న గోడ మీద చార చారగా కొట్టింది ఆ హద్దు కోసమే.

ఇప్పుడు ఆ గూడెం.

మన కొండల్లో ప్రధానమైన దోమల్లో ఒకటి అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. గడ్డి ఒడ్డులున్న, నెమ్మదిగా పారే వాగుల్లో గుడ్లు పెడుతుంది. రక్తం తాగడం, గోడ మీద వాలి అరిగించుకోవడం, వాగుకి పోయి గుడ్లు పెట్టడం, మళ్లీ రక్తానికి రావడం. రెండు మూడు రోజులకి ఒక చుట్టు. ప్రతి చుట్టులోనూ నీటి దగ్గరికి తిరిగి రావాల్సిందే కాబట్టి, వాగు పక్క ఇల్లు దానికి ప్రతిసారీ ముందు తగులుతుంది.

కింది అంకెలు నేను ఊహించుకున్నవి, లెక్క నడిచే తీరు చూపడానికి. పన్నెండు రోజులకి నాలుగు చుట్లు. మందు లేని ఇంట్లో తిన్న దోమ ఆ చుట్టు బతికే అవకాశం 0.7. మందు కొట్టిన ఇంట్లో తింటే 0.3. మొదట వెయ్యి దోమలు.

ఏ ఇంటికీ మందు లేకపోతే పన్నెండు రోజుల తర్వాత మిగిలేవి 240. ముప్పై ఇళ్లకీ కొడితే 8. ఇవి రెండు చివర్లు. మూడిళ్లు వదిలేశాం, దోమ ఏ ఇంటికైనా సమానంగా పోతుంది అనుకుంటే, అంటే వదిలేసిన ఇళ్లకి వచ్చే అవకాశం పదోవంతు అయితే, మిగిలేవి 13. పై ఆయన మనసులో ఉన్న లెక్క ఇదే. ఎనిమిదికి బదులు పదమూడు, పెద్ద నష్టం లేదు.

కానీ ఆ మూడిళ్లు వాగు ఒడ్డున ఉన్నాయి. పదింటిలో ఆరుసార్లు దోమ అక్కడే తింటుంది అనుకోండి. చుట్టుకి బతికే అవకాశం 0.34 నుంచి 0.54కి పెరుగుతుంది. నాలుగుసార్లు గుణిస్తే మిగిలేవి 85. అదే మూడిళ్లు గట్టు మీద, వాగుకి దూరంగా ఉన్నవి వదిలి ఉంటే, నూటికి రెండుసార్లే దోమ అక్కడికి పోతే, మిగిలేవి 9.

తొమ్మిది, ఎనభై ఐదు. రిజిస్టర్లో రెండూ నూటికి తొంభయ్యే.

ఇంకొకటి కూడా చేసి చూశాను. దోమ ప్రతిసారీ కొత్తగా ఇల్లు ఎంచుకోకుండా, మొదటిసారి దొరికిన ఇంటికే తిరిగి తిరిగి వస్తే? అప్పుడు మిగిలేవి 147. చీటీ తిరిగి డబ్బాలో వేయని మా అమ్మాయి దోమ దగ్గరే ఉండిపోయినట్టు, ఇక్కడ కూడా అడుగుకీ అడుగుకీ సంబంధం ఉంటే ఫలితం మొత్తం మారిపోతుంది. అందుకే ఈ శాస్త్రంలో జీవి ఎన్ని అని అడిగి ఊరుకోరు, ఎక్కడుంది, అక్కడికి ఎలా వచ్చింది అని కూడా అడుగుతారు. ఒక ఊరికి ఒక శాతం రాసేస్తే ఆ రెండు ప్రశ్నలూ చెరిగిపోతాయి.

మరి దోమ వాగు దాటి పోనప్పుడు జ్వరం ఊళ్లకి ఊళ్లు ఎలా పాకుతుంది? దీనికి మంచి ఆధారం ఎలుక జాతి జంతువు ఒకటి ఇచ్చింది. 1905లో, పియర్సన్ ఉత్తరం రాసిన ఏడాదే, ప్రాగ్ దగ్గర కొద్దిపాటి మస్క్‌రాట్‌లు బయటపడి మధ్య ఐరోపా అంతా పాకాయి. 1951లో జీవుల లెక్కలు కట్టే శాస్త్రవేత్త స్కెల్లమ్ అవి పాకిన పటాలు తీసి, అవి ఆక్రమించిన నేల విస్తీర్ణానికి వర్గమూలం కట్టి ఏళ్లతో పోల్చాడు. తిన్నని గీత వచ్చింది. ఒంటరిగా తిరిగే జీవి దూరం వర్గమూలంగా నత్తనడక నడుస్తుంది. తిరుగుతూ పిల్లల్ని కనే జీవుల అంచు మాత్రం ఏటా ఒకే వేగంతో ముందుకి పోతుంది. జ్వరం కూడా అంతే. ఒక దోమ 300 మీటర్లే పోవచ్చు, కానీ అక్కడ కుట్టిన మనిషి నుంచి కొత్త దోమలు బయల్దేరతాయి. పైగా మనిషి సంతకి 12 కిలోమీటర్లు నడుస్తాడు, పోడు కాపలాకి వెళ్లి మంచె మీద పడుకుంటాడు. దేశంలో 1961లో సుమారు 50 వేలకి దిగిన మలేరియా కేసులు 1976 నాటికి 64 లక్షలు దాటాయి. మందుకి దోమలు అలవాటు పడటం, సరఫరా తగ్గడం, శ్రద్ధ తగ్గడం, అన్నీ కలిశాయి. కానీ పాకడానికి ముందు అది ఎక్కడో ఉండాలి కదా. వదిలేసిన చోట్ల ఉంది.

మా వైపు మన్యం జ్వరం అంటే పుస్తకాల్లో సంగతి కాదు. సవర భాష కోసం ఈ కొండలు తిరిగిన గిడుగు రామమూర్తి పంతులు గారికి ఆ జ్వరానికి వాడిన క్వినైన్ వల్లే చెవుడొచ్చింది. నాకు ఎనిమిదో ఏట వచ్చింది. రెండు దుప్పట్లు కప్పి, మీద అమ్మ పడుకున్నా వణుకు ఆగలేదు. వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం పూసుకుని వెళ్లడం, బెల్లంలో పెట్టినా ఆగని క్లోరోక్విన్ చేదు గుర్తున్నాయి. ఇప్పుడు ఆశా దీదీ సంచీలోంచి చిన్న కిట్టు తీసి పావుగంటలో చెప్పేస్తుంది. మందు పూసిన దోమతెరలొచ్చాయి, 2017లో ఒడిశాలో మొదలైన దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమంలో కొండ ఊళ్లకి వెళ్లి జ్వరం లేనివాళ్లకి కూడా పరీక్ష చేస్తున్నారు. ఇది నాకు ఎంతో నచ్చిన పని. అయినా దోమతెరలు పంచినప్పుడు నూటికి ఎంత అని అడిగేవాళ్లే కనిపిస్తారు, వాగు పక్క ఇళ్లకి అందాయా అని అడిగేవాళ్లు కావాలి.

లెక్కంతా అయ్యాక శనివారం రైలెక్కి గుణుపురం వెళ్లాను. నాన్నకి 13, 85, 9 మూడు అంకెలే చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయితే దిగువ నుంచి మొదలెట్టి ఉండాల్సింది. మందు అయిపోతే గట్టు మీదివి మిగిలేవి” అన్నాడు. రెండు పేజీల గణితంలో నేను చేరిన చోటికి ఆయన ఒక్క మాటలో వచ్చాడు.

గ్రాఫు కాగితం ముందు పెట్టి, ఆ గూడెం వేసి చూపించు నాన్నా అన్నాను. చెయ్యి కొంచెం వణుకుతోంది. ముందు వాగు గీశాడు, దాని వంపుతో సహా. చింతచెట్టు. రెండు వరసల ఇళ్లు ఎదురెదురుగా, మధ్యలో వీధి. ఒక్కో ఇంటికీ చిన్న గడి గీస్తూ, ఎవరి ఇల్లో చెప్తూ పోయాడు. ఇరవై ఏడు. తర్వాత ఒడ్డున మూడు. పెన్సిలు కింద పెట్టలేదు. వాగు అవతల, గడ్డి ఒడ్డుకి ఆనుకుని, ఇంకో గడి గీశాడు.

“ఇదేటి నాన్నా? ముప్పై అన్నావు కదా.”

“రిజిస్టర్లో ముప్పయ్యే తల్లీ. ఇది ముసలమ్మ ఇల్లు. ఒక్కతే ఉండేది. దీన్ని ఎవరూ ఎక్కించలేదు.”

కాగితం తీసుకున్నాను. వాగుకి అన్నిటికంటే దగ్గరున్నది ఆ గడే. స్కేలు పెట్టి కొలవడం మొదలెట్టాను.